ఆకాశములో పునాది

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములు కలవు. ఆదోని పత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేత వస్త్రములకును పేరు గాంచినవి. ఎమ్మిగనూరులో 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు నేతపనివారికొరకు సహకార సంఘమును స్థాపించిరి. ఈ పట్టణముల చుట్టును విశాలమైన నల్లరేగడి చేలు వ్యాపించి యున్నవి. అచ్చటచ్చట రాతిగుట్టలు తలలెత్తి నిలిచి యుండును. ఇచ్చట వాన తక్కువ, ఎండ ఎక్కువ.

రేగడినేల పత్తిపైరునకు తల్లివంటిది. కాని యంత్రమును నిలుపుటకు అది అంత నమ్మదగినది కాదు. వానకాలమున అది నీటిని పీల్చి ఉబ్బును. వేసవిలో ఎండి నెరియలు విచ్చును. పల్లెలకు విద్యుత్తు రాకమునుపు బావులనుండి నీరు తోడుటకు రైతులు ఆయిలు ఇంజనులను వాడుచుండిరి. రేగడి పైమన్నుమీద ఇంజనును నిలిపినచో ఏడాది తిరుగకమునుపే అది ఒక ప్రక్కకు ఒరిగిపోవును. అందుచేత అనుభవము గల మేస్త్రి గట్టినేల తగులువరకు త్రవ్వించి, రాతితోను సిమెంటుతోను దిమ్మె కట్టి, దానిలో పునాది బోల్టులను నిలువుగా పాతును. దిమ్మె బాగుగా గట్టిపడిన తరువాతనే ఇంజనును దానిపై కూర్చుండబెట్టి, రసమట్టముతో సరిచూచి, మరలు బిగించును.

ఇంత శ్రమ యెందులకు? ఇంజను లోపల ముషలకము ముందునకును వెనుకకును పరుగెత్తుచుండును. అది ఒక దిక్కునకు పోయినప్పుడు యంత్రపు శరీరము రెండవ దిక్కునకు త్రోయబడును. ప్రతి చర్యకును దానితో సమానమైన ప్రతిచర్య యుండునని న్యూటను చెప్పిన సూత్రమునకు ఇది చక్కని నిదర్శనము. నిమిషమునకు 650 చుట్లు తిరిగెడి ఫోర్‌స్ట్రోకు ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి ఇంధనము మండును. అనగా సెకనుకు అయిదారు దెబ్బలు తగులునన్నమాట. ఈ దెబ్బలన్నియు బోల్టులగుండ దిమ్మెలోనికి, దిమ్మెనుండి భూమిలోనికి పోయి అణగిపోవును. భూమి మిక్కిలి బరువైనది గనుక అది కదలదు. దిమ్మె వదులైనచో బెల్టు జారును, బోల్టులు తెగును, తుదకు ఇంజనే పాడగును. మగ్గపు గుంజలు కదలినచో నేత కుదరదని ఎమ్మిగనూరు సాలెవారు ఎరుగుదురు. ఇదియు అట్టిదే.

ఇట్లు నేలపై నున్న ఇంజనుకు భూమియే అండ. మరి అదే ఇంజను నేలను విడిచి గాలిలోనికి పోయినచో దానికి అండ యేది? అచ్చట దిమ్మె లేదు, భూమియు లేదు. విమానమే తన ఇంజనుకు పునాది కావలెను. రేడియోతో నడుపబడెడి పెద్ద నమూనా విమానమునకు పెట్రోలు ఇంజనును బిగించుటలో నున్న కష్టమంతయు ఈ యొక్క మాటలో ఇమిడియున్నది.

నమూనా విమానమనగానే అరచేతిలో పట్టు ఆటబొమ్మ అని తలంపరాదు. కొన్ని నమూనాల రెక్కలు ఈ కొననుండి ఆ కొనవరకు రెండు మీటర్లకు మించి యుండును. బరువు ఏడెనిమిది కిలోగ్రాములు. బాల్సా అను తేలికయైన కొయ్యతోను, పలుచని ప్లైవుడ్‌తోను దాని మేనును అల్లి, పైన సన్నని పొరను కప్పుదురు. ముక్కున 50 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును అమర్చుదురు. దాని బరువు సుమారు ఒకటిన్నర కిలో. నడుపువాడు నేలపై నిలిచి, చేతిలోని పెట్టెలో నున్న పుల్లలను కదల్చును. రేడియో తరంగములు ఆ యాజ్ఞను విమానములోనికి చేర్చగా, చిన్న సర్వో మోటారులు తోకను, రెక్కల అంచులను, ఇంజను వేగమును మార్చును.

పెట్రోలు ఇంజనుతో ఎగిరిన తొలి నమూనా విమానము చరిత్రలో నిలిచినది. అమెరికా దేశమున సామ్యూల్ లాంగ్లీ అను శాస్త్రజ్ఞుడు తాను నిర్మింపదలచిన పెద్ద విమానమునకు నాలుగవ వంతు కొలతలతో ఒక నమూనాను చేయించి, దానికి పెట్రోలు ఇంజనును బిగించి, 1901వ సంవత్సరము జూన్ మాసమున మనిషి లేకుండ ఎగురవేసెను. ఆ నమూనా ఎగిరినది. కాని మనిషిని మోయవలసిన పెద్ద విమానము 1903లో అక్టోబరు 7వ తేదీనను, డిసెంబరు 8వ తేదీనను రెండు పర్యాయములు పొటోమాక్ నదిలో కూలినది. దాని ఇంజను ఆ కాలమున సాటిలేనిది. 52 అశ్వశక్తి గలది. బలమునకు లోటు లేదు. ఆ బలమును భరింపవలసిన శరీరపు దార్ఢ్యమును గూర్చియు, విమానమును పైకి విసరిన సాధనమును గూర్చియు మాత్రము పెద్ద వివాదము నడచినది.

ఆ డిసెంబరు మాసముననే రైట్ సోదరులు విజయము పొందిరి. వారి ఇంజను బలము 12 అశ్వశక్తి మాత్రమే. దానిని వారి దుకాణమున పనిచేసెడి చార్లెస్ టేలర్ అను మెకానిక్కు ఆరు వారములలో తయారుచేసెను. ఇంజనును వారు క్రింది రెక్కపై నడిమికి కుడివైపున బిగించిరి. నడుపువాడు ఎడమవైపున బోరగిల పండుకొనవలెను. అయితే ఇంజను మనిషికన్న బరువైనది. ఆ తేడాను సరిపుచ్చుటకు వారు కుడి రెక్కను ఎడమ రెక్కకన్న నాలుగు అంగుళములు పొడవుగా చేసిరి. ఇంజనును ఎచ్చట నుంచవలెనను ప్రశ్నకు సమాధానము ఇంజనులో లేదని, విమానమంతటను ఉన్నదని వారు గ్రహించిరి.

వారికిని ఇంజను అదురు వలన కష్టము తప్పలేదు. 1903 నవంబరులో ఇంజనును నడిపి చూడగా, దాని కుదుపునకు ప్రొపెల్లరు ఇరుసులు దెబ్బతినెను. గొలుసు పండ్లచక్రములు మాటిమాటికి వదులగుచుండెను. ఆ సోదరులు మొదట సైకిలు వ్యాపారులు. సైకిలు చక్రములకు టైర్లను అంటించెడి జిగురును కరగించి మరలలో పోసి వారు ఆ చక్రములను కదలకుండ చేసిరి. ఇరుసు మరల చీలగా, ఆర్విల్ రైట్ స్వగ్రామమగు డేటనునకు పోయి, గొట్టపు ఇరుసులకు బదులు గట్టి ఉక్కు కడ్డీలతో క్రొత్త ఇరుసులను చేయించి డిసెంబరు 11వ తేదీన తిరిగి వచ్చెను. డిసెంబరు 17వ తేదీన మానవుడు మొదటిసారి విమానమున 12 సెకనులపాటు 120 అడుగులు ఎగిరెను. చిన్న చీలికను చూచియు చూడనట్లు ఊరకుండినచో ఆ దినము అట్లు ముగిసియుండెడిది కాదు.

రేడియోతో నమూనా విమానమును నడుపు విద్య పిమ్మట వచ్చినది. అమెరికాలోని కాలమజూ పట్టణమునకు చెందిన వాల్టర్ గుడ్, విలియమ్ గుడ్ అను కవల సోదరులు 1937లో 'గఫ్' అను నమూనాను రేడియోతో నడిపిరి. వారిలో ఒకడు విమానములు కట్టుటలోను, రెండవవాడు రేడియోలోను నేర్పరి. ఆ విమానము నేటికిని స్మిత్సోనియన్ సంస్థవారి వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

ఇక ఇంజనును బిగించు పద్ధతిని పరిశీలింపవలెను. విమానపు ముక్కున, ఇంజనుకు వెనుక, అడ్డముగా ఒక ప్లైవుడ్ పలక యుండును. దీనిని ఫైర్‌వాల్ అందురు. బావివద్ద దిమ్మె చేయు పనిని ఇచ్చట ఈ పలక చేయును. టూస్ట్రోకు ఇంజనులో ప్రతి చుట్టునకును ఒకసారి ఇంధనము మండును. నిమిషమునకు 6,000 చుట్లు తిరిగినచో సెకనుకు 100 దెబ్బలు. పది నిమిషములు ఎగిరిన విమానము తన ముక్కుమీద 60,000 దెబ్బలు తిని దిగుచున్నదన్నమాట. ఇన్ని దెబ్బలకు తాళవలెనన్నచో పలకను కేవలము జిగురుతో అంటించిన చాలదు. ఎపాక్సీ జిగురు పూసి, లోపలి మూలలయందు మూడు పలకల కొయ్యకడ్డీలను అతికించి, ప్రక్కలనుండి గట్టి కొయ్యమేకులను దిగగొట్టవలెను. అప్పుడు ఇంజను లాగెడి బలము ఒక్క జిగురుగీతపై నిలువక విమానపు ప్రక్కపలకలన్నిటిలోనికి వ్యాపించును.

పలకకు రంధ్రములు వేసి, ఉక్కు బోల్టులను దూర్చి, వెనుకవైపున కొయ్యలో కరచుకొనెడి నట్టులను అమర్చుదురు. బోల్టు తల క్రింద వెడల్పైన వాషరు ఉండవలెను. లేనిచో తల కొయ్యలోనికి దిగబడి బిగువు సడలును. ఆదోని ప్రాంతపు మండువేసవిలో కొయ్యలోని తడి ఆరి, అది కొంచెము ముడుచుకొనును. అందుచేత మొదటి రెండు మూడు పర్యాయములు ఇంజనును నడిపిన వెంటనే బోల్టులను మరల పరీక్షింపవలెను. అదురునకు మర తిరుగకుండుటకై మరచుట్లపై ఒక విధమైన జిగురు ద్రవమును పూయుదురు. రైట్ సోదరులు టైరు జిగురుతో చేసిన పనియే ఇది.

రెండవ విషయము దిశ. ఇంజను ముక్కు తిన్నగా ముందునకే చూడవలెనని తోచును. కాని ప్రొపెల్లరు ఒక ప్రక్కకు తిరుగుచుండుట వలనను, అది విసరిన గాలి సుడులు చుట్టుచు తోకను తాకుట వలనను, విమానము ఎడమకు తిరుగ జూచును. దానిని సరిపుచ్చుటకు ఇంజనును రెండు మూడు డిగ్రీలు కుడికి వాల్చి బిగించుట పరిపాటి. కుడి యెడమ బోల్టుల నడుమ దూరము 70 మిల్లీమీటర్లైనచో, ఎడమ బోల్టుల క్రింద సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దళము గల వాషరు వేసిన రెండు డిగ్రీల వాలు కలుగును. అయితే ఒకటి సరిచేయగా మరియొకటి తప్పును. ప్రొపెల్లరు పలకకు 150 మిల్లీమీటర్లు ముందున్నచో, ఈ వాలువలన అది సుమారు 5 మిల్లీమీటర్లు కుడికి జరుగును. కావున నేర్పు గలవాడు రంధ్రములు వేయకముందే లెక్క చూచుకొని, ఇంజనును ఆ మేరకు ఎడమకు జరిపి గుర్తులు పెట్టుకొనును.

మూడవ విషయము తూకము. బండికి ముందు బరువెక్కువైన కాడి ఎద్దుల మెడపై పడును. వెనుక బరువెక్కువైన కాడి పైకి లేచును. విమానమునకును గురుత్వ కేంద్రము సరియైన చోట నుండవలెను. సాధారణముగా అది రెక్క వెడల్పులో ముందునుండి నాలుగవ వంతుకును మూడవ వంతుకును నడుమ నుండును. ఒక కిలో ఇంజనుకై చేసిన నమూనాలో ఒకటిన్నర కిలోల ఇంజనును ఉంచినారని ఊహింపవచ్చును. ఆ అరకిలో అదనపు బరువు గురుత్వ కేంద్రమునకు 40 సెంటీమీటర్లు ముందున్నచో, విమానము ముక్కు క్రిందికి వాలును. తోకకు సీసపుముక్క కట్టిన తూకము కుదురును గాని, బరువు పెరుగును. దానికి బదులు లోపలనున్న అరకిలో బ్యాటరీని 40 సెంటీమీటర్లు వెనుకకు జరిపినచో చాలును. తరగతిలో నేర్చుకొనిన తులాదండపు లెక్క ఇచ్చట అక్షరాల పనిచేయును.

ఇంజను నిలిచిన చోటనే దానికి ఇంధనము, గాలి, నిప్పురవ్వ అందవలెను. పెట్రోలులో తగుపాలు నూనె కలిపి తొట్టిలో పోయుదురు. విమానము తలక్రిందులైనను పెట్రోలు అందుటకై తొట్టిలోని మెత్తని గొట్టము చివర ఒక చిన్న బరువును కట్టుదురు. పెట్రోలు ఎటు ఒరిగిన ఆ గొట్టమును అటే ఒరిగి ఇంధనమును పీల్చును. నిప్పురవ్వ నిచ్చు పరికరము రేడియోకు శత్రువు. ప్రతి రవ్వయు ఒక చిన్న మెరుపువంటిది. అందుచేత దాని తీగకు లోహపు తొడుగు వేసి, రేడియో గ్రాహకమునకు దూరముగా నుంచి, వేరు బ్యాటరీతో నడపుదురు. ఇంజను ఎప్పుడైనను ఆగిపోవునట్లు ఆ రవ్వను ఆర్పెడి మీట యొకటి నడుపువాని చేతిలో తప్పక ఉండవలెను.

చలిదేశములలో చేసిన ఇంజనునకు రాయలసీమ వేసవి గట్టి పరీక్ష. ఇంజను చుట్టునున్న తొడుగులో గాలి చొరబడిన చాలదు. లోహపు రెక్కలను రాచుకొని బయటికి పోవలెను. వేడెక్కిన గాలి వ్యాకోచించును గనుక బయటికి పోవు దారి లోనికి వచ్చు దారికన్న రెండు మూడు రెట్లు పెద్దదిగా నుంచుదురు. పత్తి తీసిన చేలలో వేసవి సుడిగాలులు రేపెడి సన్నని దుమ్ము మరియొక ప్రమాదము. అది కార్బురేటరులో చొరబడినచో ముషలకమును గీకివేయును. అందుచేత దుమ్ము లేని గట్టి నేలపై పట్టా పరచి ఇంజనును మేల్కొలుపుట మేలు.

ఇంత జాగ్రత్త బొమ్మకొరకా అని ఒకరు నవ్వవచ్చును. 22 అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 6,000 చుట్లు తిరిగినప్పుడు దాని కొన గంటకు 600 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచుండును. దాని ముందర చేయి పెట్టినచో వేళ్లు తెగును. బోల్టు ఒకటి ఊడినచో, ఇంజను వంకరపోయి ఎనిమిది కిలోల విమానము పొలములో పనిచేయు కూలివారిపై పడవచ్చును. భారత ప్రభుత్వమువారు 2021 ఆగస్టులో ప్రకటించిన నిబంధనలు 25 కిలోగ్రాములకు మించని నమూనా విమానములను విద్యకును, పరిశోధనకును, వినోదమునకును కంటిచూపు మేరలో మాత్రమే ఎగురవేయవలెనని చెప్పుచున్నవి. ఏ ప్రదేశమున ఎగురవేయవచ్చునో తెలియజేయు పటము కూడ కలదు. మనిషి లేని విమానములు నేడు వట్టి వేడుక వస్తువులు కావు. ఇదే జిల్లాలోని రక్షణ పరిశోధన సంస్థవారి పరీక్షాక్షేత్రమున 2025 ఏప్రిల్ 13వ తేదీన లేసరు కిరణముతో అట్టి విమానములను కూల్చి చూపిరి. వానిని ఎగురవేయు శక్తి వచ్చినచోట వానిని అదుపులో నుంచు బాధ్యతయు వచ్చును.

అందుచేత అనుభవజ్ఞులు మొదటిసారి ఇంజనును నడుపునప్పుడు విమానపు తోకను గట్టి గుంజకు కట్టుదురు. ప్రొపెల్లరు తిరుగు తలమునకు ప్రక్కగా ఎవ్వరిని నిలువనీయరు. తాము దాని వెనుక నిలిచి సరిచూతురు. ప్రతి బోల్టు తలపైనుండి పలకమీదికి రంగుతో ఒక గీత గీయుదురు. బోల్టు ఆవగింజంత తిరిగినను గీత విరుగును. కన్ను వెంటనే పట్టుకొనును. ఎగురవేయుటకు ముందును, దించిన తరువాతను ఆ గీతలను చూచుట వారికి నిత్యనియమము. ఒక్క గీత విరిగినను ఆ దినము విమానము ఎగురదు. చూడవచ్చిన వారు ఎంత తొందరపెట్టినను వారు పానా చేతబట్టి మొదట మరను బిగింతురు.

ఆకసమున గిరికీలు కొట్టెడి విమానమును చూచి జనులు చప్పట్లు చరతురు. ముక్కులోపల దాగిన ప్లైవుడ్ పలకను ఎవ్వరును చూడరు. బావిగట్టున మట్టిలో దాగిన దిమ్మెయు అట్టిదే. కాని కనబడనిది గట్టిగా నున్నప్పుడే కనబడునది నిలుచును. యంత్రమునకు బలమునిచ్చుట సులభము. ఆ బలమునకు తగిన ఆధారము నేర్పరచి, దానిని ప్రతిదినము పరీక్షించుటయే నిజమైన పనితనము.

ప్రశ్నలు

1. రేగడినేలపై ఇంజనును నిలుపుటలో గల కష్టమేమి? దానిని మేస్త్రులు ఎట్లు తొలగింతురు?
2. రైట్ సోదరులు కుడి రెక్కను ఎడమ రెక్కకన్న పొడవుగా ఏల చేసిరి?
3. నమూనా విమానపు ఇంజనును కొంచెము కుడికి వాల్చి బిగించుటకు కారణమేమి?
4. బోల్టు తలపై రంగుగీత గీయుటవలన కలుగు ప్రయోజనమును వివరింపుము.
5. "కనబడనిది గట్టిగా నున్నప్పుడే కనబడునది నిలుచును." ఈ మాటను నీ యూరిలోని ఒక ఉదాహరణముతో సమర్థింపుము.